ఎనభై మూడు షార్ట్‌కట్లు

పోయాయి. ఒకటీ రెండూ కాదు, ఎనభై మూడూ పోయాయి. ప్రోగ్రాములు రాసుకునే ఎడిటర్ మూసి మళ్ళీ తెరిచాను, మిషన్ ఆపి మళ్ళీ ఆన్ చేశాను, షార్ట్‌కట్లు రాసుకున్న ఫైలు వెతికి చూస్తే అందులో రెండు బ్రాకెట్లు తప్ప ఏమీ లేవు. ఆరేళ్ళుగా ఒక్కొక్కటే పేర్చుకున్నవి, ఏ పనికి ఏ కీ నొక్కాలో నా చేతులకు సరిపడేలా నేను రాసుకున్నవి పోయి, వాటి చోట కంపెనీలో అందరికీ ఒకటే అని ఎవరో పెద్దమనిషి తేల్చినవి వచ్చి కూర్చున్నాయి. ఎవరో ఏమిటి, సౌరభ్. మూడు నెలల కిందట మా టీముకి లీడుగా వచ్చిన సౌరభ్. ఈ టాటానగర్‌లోనే అగ్రికో కాలనీలో పుట్టి పెరిగిన మా తెలుగువాళ్ళ పిల్లాడే, నాకంటే ఐదేళ్ళు చిన్నవాడు, నన్ను దీదీ అంటాడు, తెలుగులో అడిగితే హిందీలో జవాబిస్తాడు. గ్రూపులో పెట్టాడు, ఈ రోజు నుంచి అందరి ఎడిటర్లూ ఒకేలా ఉంటాయి, ఎవరైనా ఎవరి మిషన్ మీదైనా కూర్చుని పని చేసుకోవచ్చు అని, కింద ఒక రాకెట్ బొమ్మ. ఆ రాకెట్ చూస్తేనే ఒళ్ళు మండుతోంది. పది దాటి రెండు నిమిషాలు. పదకొండుకి కాల్ ఉంది, లారీలు తూచే వేబ్రిడ్జికి నేను రాసిన ప్రోగ్రాం వాడే ఇద్దరు ఇంజనీర్లు చూస్తూ ఉండగా వాళ్ళు అడిగిన మార్పులు అప్పటికప్పుడు చేసి చూపించాలి. అది సవ్యంగా జరిగితే వచ్చే ఏడాదంతా ఆ పని నా చేతిలో ఉంటుంది. జరగకపోతే పక్క సీటులో ఉన్న యోగితకి వెళుతుంది, నేను మాన్యువళ్ళు రాసుకుంటూ కూర్చుంటాను. ఈ మాట సౌరభ్ పోయిన వారమే ఎంతో మర్యాదగా చెప్పాడు.

నా ఎడమ చేతికి మూడు వేళ్ళే ఉన్నాయి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, అంతే. మిగతా రెండూ పదేళ్ళ వయసులో బిర్సానగర్‌లో నాన్న గ్రిల్ షాపులో రేకు కోసే మిషన్ కింద పోయాయి. దాని గురించి ఏడవడం ఎప్పుడో అయిపోయింది. ఏడుపు దాని గురించి కాదు. కంట్రోల్, షిఫ్ట్ అనే రెండు కీలు కీబోర్డుకి ఎడమ మూలన, చిటికెనవేలి కింద పెట్టారు చూడండి, చిటికెనవేలు లేనివాళ్ళకి ఆ మూల ఎంత దూరమో ఉన్నవాళ్ళకి ఈ జన్మలో తెలియదు. రాసినదంతా వరసలో సర్దాలంటే షిఫ్ట్, ఆల్ట్, ఎఫ్ మూడూ కలిపి నొక్కాలట, అన్నీ ఒకేసారి, ఎవరికి దొరుకుతాయి? ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది నేను అలాగే నొక్కాను, మణికట్టు వంకర తిప్పి, బొటనవేలు చాచి, సాయంత్రానికి మోచేతి దాకా సలుపు, రాత్రి వేడి ఉప్పు కాపడం. నొప్పి అని చెబితే ఏ చెయ్యి అంటారు, చెయ్యి చూపించమంటారు, అందుకని చెప్పలేదు. ఆ తర్వాత ఒక రోజు సెట్టింగుల్లో తిరుగుతుంటే తెలిసింది, ఏ పనికైనా నాకు నచ్చిన కీ ఇచ్చుకోవచ్చని, అన్నీ కలిపి నొక్కక్కర్లేదని, ఒకటి నొక్కి వదిలేసి, తర్వాత ఇంకొకటి నొక్కినా చాలని. ఆ రోజు నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఎవరైనా నవ్వితే నవ్వండి. కీబోర్డు మీద ఎవరూ ముట్టని ఇన్సర్ట్ కీ ఒకటి ఉంది, కుడిచేతి వైపు పైన. దాన్ని నా మొదటి కీ చేసుకున్నాను. కుడిచేత్తో ఇన్సర్ట్ నొక్కి వదిలి, ఎడమచేతి చూపుడువేలితోనో మధ్యవేలితోనో ఒక అక్షరం. ఆ మూడు వేళ్ళ చేతికి కూడా పని ఇచ్చాను. అది మొదలు ఈ ఆఫీసులో నా అంత వేగంగా రాసినవాళ్ళు లేరు, ఈ ముక్క నేను చెప్పుకోవడం లేదు, యోగితే చెబుతుంది.

నిన్న విశ్వకర్మ పూజ. ఈ ఊళ్ళో ఆ రోజు ఏ మిషన్ తిరుగుతుంది? పెద్ద కార్ఖానాల్లో షెడ్లకి షెడ్లు కడిగి దండలు వేస్తారు, పంక్చర్ వేసేవాడు కూడా పంపు పక్కన పెట్టి దానికి బొట్టు పెడతాడు, ఆటోవాడు ఆటో కడుక్కుని ఇంటి ముందు నిలుపుకుంటాడు. పనిముట్టు మీద ఆ రోజు చెయ్యి వేయకూడదు. మా ఆఫీసులోనూ మొన్న సాయంత్రమే మిషన్లన్నీ ఆపేశాం, నిన్న ప్రతి స్క్రీనుకి కుంకుమ బొట్టు, ప్రతి కీబోర్డు మీద ఒక బంతిపువ్వు, బూందీ, ఖిచిడీ, కొబ్బరికాయ కొట్టింది ఎవరనుకున్నారు, సౌరభే. కళ్ళు మూసుకుని దండం పెట్టింది సౌరభే. సర్వర్ ఒక్కటే ఆపడానికి వీల్లేదని దానికి దండ వేసి వదిలేశారు. సౌరభ్ భోజనం చేసి ఇంటికి వెళ్ళి, ఆ సర్వర్‌లోకి దూరి, ఈ ఏర్పాటంతా పెట్టి కూర్చున్నాడు, పొద్దున్న ఎవరు మిషన్ ఆన్ చేస్తే వాళ్ళ మీద దిగేలా. ఆ రోజు ఎవరూ పని చేయరు కాబట్టి వీలుగా ఉంటుందని అనుకున్నాడట, అదీ గ్రూపులో రాశాడు. ముట్టకూడని రోజున అందరి పనిముట్లూ ఒకేసారి ముట్టాడు. నాన్న షాపులో ఇలాంటిది జరిగి ఉంటే ఆ మనిషి మళ్ళీ గుమ్మం తొక్కేవాడు కాదు. పైడిబాబు మామయ్య ఒకసారి నాన్న పట్టకారు తీసి వేరే కొక్కేనికి తగిలించినందుకు రెండు నెలలు మాటల్లేవు, అమ్మ సొంత తమ్ముడు, అయినా సరే. అప్పుడు నాకు అది అతి అనిపించింది. ఇప్పుడు అనిపించడం లేదు.

పది పదమూడు. తిట్టుకుంటూ కూర్చుంటే ఏమీ రాదు, మొదలుపెట్టాలి. షార్ట్‌కట్ల జాబితా తెరవడానికే కంట్రోల్ పట్టుకుని రెండు కీలు నొక్కాలి, ఎంత వెటకారమో చూడండి, మౌస్ తీసుకుని పళ్ళచక్రం బొమ్మ మీద నొక్కి తెరిచాను. వెయ్యికి పైగా పనులు, పైనుంచి కిందకి పొడుగ్గా. ఒక పని పేరు వెతికి, రెండుసార్లు నొక్కి, కావలసిన కీలు కొట్టి, ఎంటర్. ఒక్కోదానికీ అర నిమిషం. కానీ ఏ కీలు? పేరు మార్చడానికి ఏ అక్షరం ఇచ్చాను? కింది వరసకి కదపడానికి? తలలో ఏమీ లేదు. ఆరేళ్ళు రోజుకి వెయ్యిసార్లు నొక్కాను, ఒక్కటీ గుర్తు లేదు, నాకెప్పుడూ గుర్తు పెట్టుకోవలసిన అవసరం పడలేదు, వేళ్ళే చూసుకునేవి. వేళ్ళకి తెలిసింది తలకి చెప్పవు. తర్వాత తట్టింది, ఖాళీ ఫైలు ఒకటి తెరిచాను, కళ్ళు మూసుకున్నాను, ఇప్పుడు ఈ పేరు మార్చాలి ఈశ్వరీ, అనుకున్నాను, నా పేరు పెట్టి నేనే పిలుచుకుని, చేతులు వాటంతటవి కదిలాయి, కళ్ళు తెరిస్తే ఫైలులో ఆర్ అనే అక్షరం పడి ఉంది. ఇన్సర్ట్, ఆర్. ఇంకోటి, వరస నకలు తీయాలి, డి. ఇంకోటి, వెనక్కి వెళ్ళాలి, ఆ చోటు నుంచి వచ్చిన చోటుకి, బి. ఒక్కొక్క అక్షరమే పడుతోంది, నేను రాసుకుంటున్నాను, మళ్ళీ జాబితాలో పెడుతున్నాను, ఇన్సర్ట్ కీకి ఇప్పటికే వేరే పని ఉందని ఎడిటర్ అడ్డం వస్తే ఆ పని పీకేశాను. నా చేతుల్ని నేనే అడిగి నేనే రాయించుకోవడం, పోలీస్ స్టేషనులో వాంగ్మూలంలాగా. ఇది ఎవరి వల్ల? అడగకుండా చేసినవాడి వల్ల.

అడిగితే ఏమయ్యేది, అన్న ప్రశ్న వచ్చి కూర్చుంటోంది, వద్దన్నా. శుక్రవారం గ్రూపులో ఒక్క వాక్యం పెట్టాడు కదా, ఎవరికైనా సొంత సెట్టింగులు ఉంటే టీము ఫోల్డరులో వేయండి, వచ్చే వారంలో అన్నీ ఒకటి చేస్తాను అని. చదివాను. యోగిత తన స్క్రీను రంగులు వేసింది, మిగతావాళ్ళు ఏవేవో వేశారు. నేను వేయలేదు. వేస్తే ఎవరో ఒకరు తెరిచి చూస్తారు, ఎనభై మూడు షార్ట్‌కట్లలో ఒక్కదానికైనా ఎడమ మూల కీలు లేవేమిటి అంటారు, అప్పుడు చెప్పాలి. పూజ అయ్యాక పెన్ డ్రైవులో దాచుకుందాంలే, పూజ రోజు ఎలాగూ ఎవరూ మిషన్ ముట్టరు కదా అనుకున్నాను. ఈ ఊళ్ళో పుట్టిన ఎవరైనా అలాగే అనుకుంటారు. అనుకోవడం నా తప్పయితే అయింది, కానీ ఇందులో నా తప్పు అది కాదు, నాకు తెలుసు. నా తప్పు ఇంకా పాతది. అమ్మ నేర్పింది. కట్టు విప్పిన రోజు నుంచి నేర్పింది. భాలుబాసాలో పెళ్ళికి వెళ్ళినా, బడిలో ఫోటో తీసినా, కూరలు కొనడానికి వెళ్ళినా, చెవిలో అదే మాట.

"సెయ్యి సున్నీలో ఎట్టుకోయే. నలుగురిలో సూపించకు."

మంచికే అంది, మా అమ్మ కస్తూరమ్మ నోట చెడ్డ మాట రాదు. ప్రసాదం తీసుకునేటప్పుడు కూడా ఎడమ అరచెయ్యి కనపడకుండా చున్నీ చెంగులో పట్టుకోవడం నేర్పింది, అది చూసి జనం ఈ పిల్లకి ఎంత భక్తి అనేవారు. నిన్న బూందీ అలాగే పట్టుకున్నాను, సౌరభ్ కూడా మెచ్చుకోలుగా చూశాడు. భక్తీ లేదు, బూడిదా లేదు. నాన్న ఆదిబాబు వేరు. మాట్లాడడు, పని చేస్తాడు. నేను మళ్ళీ సైకిలు ఎక్కనని మొండికేస్తే ఎడమ బ్రేకు తీగ ఊడబెరికి, కుడి పిడికే రెండు చక్రాల బ్రేకులూ కలిపి కట్టి, వీధిలో నిలబెట్టి చూపించాడు. సైకిలు ఇలాగ ఉండదు నాన్నా, అందరూ నవ్వుతారు అన్నాను. "సైకిలు నీకు తగ్గట్టు ఉండాల గానీ నువ్వు సైకిలుకి తగ్గట్టు ఉండాలేటి?" అన్నాడు. ఆయన కట్టిన బ్రేకులతో స్కూలుకి వెళ్ళాను, అమ్మ కప్పిన చున్నీతో. ఇద్దరి మాటా విన్నాను, అదీ నేను చేసిన ఘనకార్యం. చెయ్యికి తగ్గ కీలు పెట్టుకున్నాను, పెట్టుకున్నట్టు ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణం కూడా ఉంది, ఊరికే కాదు. డిగ్రీ కాగానే వేరే ఊళ్ళో ఒక ఇంటర్వ్యూకి వెళితే బల్ల అవతల కూర్చున్నాయన నేను రాసిన జవాబు చూడలేదు, ఇరవై నిమిషాలూ నా ఎడమ చేతినే చూశాడు, చివరికి నీకు కష్టమవుతుందమ్మా అన్నాడు. నాకు కష్టమో కాదో ఆయనకెలా తెలుసు? ఆ రోజు రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఆ మనిషికి చెప్పవలసిన జవాబులు టాటానగర్ వచ్చేదాకా చెప్పాను, ఆయన లేడు వినడానికి. ఈ ఆఫీసుకి వచ్చినప్పుడు చున్నీ రెండు చుట్లు చుట్టుకుని వచ్చాను. కీలు కొట్టేటప్పుడు కూడా ఎడమ చెయ్యి మీద చెంగు కప్పుకునే కూర్చుంటాను, పక్క సీటుకి కూడా కనపడదు.

పది ముప్ఫై ఒకటి. ఇరవై ఎనిమిది అయ్యాయి. కుర్చీ జరిగిన చప్పుడు, సౌరభ్ వచ్చి నా వెనక నిలబడ్డాడు, టీ కప్పుతో. ఎడమ చెయ్యి దానంతటది చున్నీలోకి వెళ్ళిపోయింది. చూశారా, అడగకుండా వెళ్ళిపోయింది. ఏం చేస్తున్నారు దీదీ అన్నాడు, స్క్రీను చూసి, కొత్త సెట్టింగు మార్చేస్తున్నారా అన్నాడు, మళ్ళీ పాతవే ఎందుకు, వారం రోజుల్లో అలవాటైపోతుంది అన్నాడు, అంతా హిందీలోనే, నవ్వుతూనే.

"నన్నొక మాట అడగొద్దేటి, సౌరభ్?" అన్నాను.

అతని మొహంలో నిజంగా ఆశ్చర్యం. "దీదీ, ఆప్ కే లియే హీ తో కియా," అన్నాడు. మీ కోసమే కదా చేశాను. పోయిన నెల కాన్ఫరెన్స్ గదిలో మీరు ఇబ్బంది పడ్డారు, ఆ మిషన్ మీకు అలవాటు లేదనుకున్నాను, అన్ని మిషన్లూ ఒకేలా ఉంటే మీకు ఎక్కడా ఇబ్బంది ఉండదని ఆదివారమంతా కూర్చుని తయారు చేశాను అన్నాడు. అబద్ధం చెప్పడం లేదు. పోయిన నెల ఆ గదిలో పెద్ద తెర మీద పదిమంది చూస్తుండగా నేను నా కీలు లేని మిషన్ మీద తడబడ్డాను, మౌస్ పట్టుకుని వెతుక్కున్నాను, ఒక్కో మార్పుకీ నిమిషం పట్టింది, ఎందుకో ఎవరికీ చెప్పలేదు. అతను తనకు తోచింది అనుకున్నాడు. నా మేలు కోరాడు. మేలు కోరి నా ఎనిమిది వేళ్ళనీ ఒక్క రాత్రిలో మూల కూర్చోబెట్టాడు. ఇలాంటి మంచితనానికి ఏం జవాబు చెప్పాలి, చెడ్డవాడైతే ఎంత బాగుండును, నిలబెట్టి కడిగేసేదాన్ని. ఇంకా ఆగాడా, లేదు, గొంతు తగ్గించి, ఈ రోజు టెన్షన్‌గా ఉంటే స్క్రీను యోగిత పట్టుకుంటుంది, మీరు పక్కన కూర్చుని చెప్పండి చాలు అన్నాడు. నేను చెబుతుంటే యోగిత కొడుతుందట. నా ప్రోగ్రాం. అందులో ప్రతి వరస నేను రాసింది.

"నేనే చేత్తాను," అన్నాను. అసలు అనవలసింది చున్నీ కింద ఉంది, తీసి బల్ల మీద పెడితే సరిపోయేది, పెట్టలేదు. అతను వెళ్ళిపోయాడు, టీ వాసన మిగిలింది.

అతని మీద కోపం ఎంత ఉందో అంతకు రెట్టింపు నా మీద వచ్చింది ఇప్పుడు. ముప్ఫై రెండేళ్ళు వచ్చాయి, ఇంకా ఎవరి పెళ్ళిలో ఎవరికి కనపడకుండా దాచుతున్నాను? అమ్మ పోయిన ఏడాది కూడా ఫోనులో వీడియో కాల్ అంటే చున్నీ సర్దుకోమంది, పిన్ని కూతురే అవతల ఉన్నది, ఆ పిల్లకి తెలియదా? నలుగురు, నలుగురు, ఎవరు ఆ నలుగురు, ఒకసారి నా ముందుకు రమ్మనండి. పది నలభై. ఎం అనే అక్షరం అయి ఉండదు, ఎడమచేతి వైపు అక్షరాలే ఇచ్చుకున్నాను కదా, ఇ, ఎఫ్, జి, వి. వి అంటే ఏమిటి? కళ్ళు మూసుకో. టెర్మినల్. అవును, టెర్మినల్ తెరవడం, ఆదేశాలు కొట్టే ఆ నల్ల కిటికీ. మణికట్టు సలుపుతోంది, అప్పుడే, మధ్యలో రెండుసార్లు కంట్రోల్ కోసం చాచాను కాబట్టి, ఆరేళ్ళ కిందటి ఆ పాత నొప్పి అదే చోట, పేరు పెట్టి పిలిచినట్టు వచ్చింది. కీబోర్డు సందుల్లో నిన్నటి బంతిపువ్వు రేకలు ఇరుక్కున్నాయి, జి కీ సరిగా దిగడం లేదు, ఊదాను. యోగిత పక్కనుంచి అడిగింది, సహాయం కావాలా అని, వద్దన్నాను, మరీ కటువుగా అన్నానేమో, ఆ పిల్ల చేసిందేమీ లేదు, దానికి పోయింది స్క్రీను రంగు ఒక్కటే, అదీ తిరిగి వచ్చేసింది. పది యాభై మూడు. నలభై ఒకటి. సగం కూడా కాలేదు. ఏవి ముఖ్యం, ఏవి వదిలేయొచ్చు అని ఎంచుకోవలసి రావడం ఎంత అవమానం, నా ఇంట్లో సామాను బయటపడేసి ఏది కావాలో తొందరగా ఏరుకో అన్నట్టు. పది యాభై ఎనిమిది. నలభై ఆరు. సౌరభ్ పిలుస్తున్నాడు, కాల్ మొదలైంది.

స్క్రీను చూపిస్తున్నాను. ఇద్దరు ఇంజనీర్లు, ఒకాయన పెద్దాయన, గొంతులో దగ్గు, ఇంకొకాయన మాట్లాడడు. సౌరభ్, యోగిత కూడా చిన్న చిన్న గడుల్లో. మొదటి మార్పు అయింది, రెండోది అయింది, ఇన్సర్ట్, ఆర్, ఇన్సర్ట్, డి, చేతులు నా చేతుల్లాగే ఉన్నాయి, పెద్దాయన బాగుంది బాగుంది అంటున్నాడు. మూడోది అడిగాడు. లారీ మొత్తం బరువు అని వచ్చే పేరు తూకం చీటీలో బాగాలేదు, అది ఎక్కడెక్కడ ఉంటే అక్కడ మార్చాలి. ఎక్కడెక్కడ అంటే పద్నాలుగు చోట్ల, నాకు తెలుసు, నేనే రాశాను. అన్ని చోట్లా ఒకేసారి పట్టుకోవడానికి ఒక షార్ట్‌కట్ ఉంది. అది నలభై ఆరులో లేదు. అందరికీ ఉన్నది కంట్రోల్, షిఫ్ట్, ఎల్. ఎడమ మూలలో రెండు కీలు పట్టుకుని కుడిచేత్తో మూడోది. చెయ్యి వంచాను, కంట్రోల్ దొరికింది, షిఫ్ట్ జారింది, తెర మీద వరస మొత్తం ఎంపికై నీలంగా నిలబడింది. మళ్ళీ నొక్కాను, మళ్ళీ జారింది. ఎవరూ మాట్లాడటం లేదు. పోయిన నెల కాన్ఫరెన్స్ గదిలో ఉన్న నిశ్శబ్దమే ఇది, దీని రుచి నాకు తెలుసు. మౌస్ తీసుకుని ఒక్కో చోటుకీ వెళ్ళి పద్నాలుగుసార్లు మార్చొచ్చు, మెల్లగా, ఈవిడ మెల్లగా చేస్తుంది అని వాళ్ళు అనుకుంటూ ఉండగా. తెర మూలన సౌరభ్ నుంచి నా ఒక్కదానికే ఒక మెసేజ్, యోగితకి ఇచ్చేయనా అని.

ఆ మెసేజ్ కింద అతని వేలు ఇంకా ఏదో రాస్తోంది, చుక్కలు కదులుతున్నాయి. నేను మైకు దగ్గరికి జరిగాను. చున్నీ భుజం మీంచి తీసి కుర్చీ వెనక వేశాను, ఎడమ చెయ్యి ఎత్తి కెమెరా ముందు పెట్టాను, ఎందుకు పెట్టానో ఆలోచించలేదు, ఆలోచిస్తే పెట్టేదాన్ని కాదు. హిందీలోనే చెప్పాను. నా ఈ చేతికి మూడు వేళ్ళే ఉన్నాయి సార్, కంపెనీ పెట్టిన కీలు దీనికి అందవు, నా కీలు నేను పెట్టుకుని పని చేస్తాను, నిన్న నన్ను అడక్కుండా తీసేశారు, ఈ ఒక్కటి మళ్ళీ పెట్టుకుంటాను, అర నిమిషం ఆగండి. చిన్న గడిలో సౌరభ్ చుక్కలు ఆగిపోయాయి, అతను నా చేతిని చూశాడు, చూపు దించుకున్నాడు, మళ్ళీ ఎత్తాడు. యోగిత నోటి మీద చెయ్యి వేసుకుంది. పెద్దాయన దగ్గి, పెట్టుకోండి మేడమ్, తొందరేమీ లేదు అన్నాడు.

వాళ్ళందరి ముందే జాబితా తెరిచాను. పని పేరు వెతికాను, రెండుసార్లు నొక్కాను. దీనికి ఇదివరకు ఏ అక్షరం ఇచ్చానో ఈసారి వేళ్ళని అడగలేదు, కొత్తది ఇచ్చాను, ఇన్సర్ట్, సి. ఎంటర్ కొట్టి ఫైలులోకి వచ్చి నొక్కితే పద్నాలుగు చోట్లా ఒకేసారి వెలిగింది.

కొత్త పేరు చెప్పండి సార్ అన్నాను. ఆయన ఒక్కో అక్షరం చెప్పాడు, నేను ఎనిమిది వేళ్ళతో కొట్టాను.